తాళానికి ఎన్ని చెవులు?

విజయవాడ నుంచి బందరు వెళ్లే దారిలో, గుడివాడ రోడ్డు చీలే కూడలి పామర్రు. 165వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే మొదలై కైకలూరు, భీమవరం మీదుగా పాలకొల్లు వైపు సాగిపోతుంది. మండల కేంద్రం కాబట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పనుల మీద ఇక్కడికే రావాలి. కులం సర్టిఫికెట్, అడంగల్, వన్-బి, పంట రుణం, ఎరువుల బస్తా... పాతికేళ్ల కిందట వీటిలో ఒక్కోదానికి ఒక్కో రిజిస్టరు, ఒక్కో బీరువా, ఒక్కో రబ్బరు స్టాంపు ఉండేవి. ఇప్పుడు అన్నిటికీ కలిపి ఒక తెర, దాని మీద రెండు ఖాళీ గళ్లు. పై గడిలో యూజర్ ఐడీ, కింది గడిలో పాస్‌వర్డ్. ఆ కింది గడిలో ఏం కొట్టాలో ఎవరికి తెలిస్తే ఆఫీసు వాళ్ల చేతిలో ఉన్నట్టే లెక్క.

"సారు సెలవులో ఉన్నారండీ. పాస్‌వర్డ్ చెప్పే వెళ్లార్లెండి, కూర్చోండి, అయిపోద్ది."

ఈ మాట ఒక్క పామర్రులోనే కాదు, ఏ మండల కేంద్రంలోనైనా వినిపిస్తుంది. విన్న రైతుకు సంతోషమే. రెండోసారి తిరగాల్సిన పని తప్పింది, బస్సు ఛార్జీ మిగిలింది. కానీ అదే రైతు పెళ్లాం మెడలోని గొలుసు తాకట్టు పెట్టడానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు సంగతి వేరు. ఆ బంగారం ఉండే ఇనప్పెట్టెకు రెండు తాళంచెవులు. ఒకటి మేనేజరు దగ్గర, రెండోది మరో అధికారి దగ్గర. ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. "మేనేజరు గారు సెలవులో ఉన్నారు, ఆయన చెవి అటెండరుకిచ్చి వెళ్లారు, రండి" అంటే ఆ రైతు గొలుసు మూటగట్టుకుని ఇంటిదారి పడతాడు. బంగారం విషయంలో ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా ఉన్న ఈ ఇంగితం కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి ఎక్కడికి పోతుందన్నది వింతే. అందులో ఉన్నది గొలుసు కాదు, పొలమే కావచ్చు.

ఈ వింతకు మన దగ్గర చెల్లించిన మూల్యం ఒకటి లెక్కతో సహా ఉంది.

2022 జనవరి చివరి వారం. హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. వారాంతంలో ఎవరో లోపలికి చొరబడి 12.48 కోట్ల రూపాయలు దాటించేశారని సోమవారం, 24వ తేదీన బయటపడింది. డబ్బు కొన్ని ఖాతాల్లోకి, వాటి నుంచి వందలాది ఖాతాల్లోకి పాకింది. చివరికి దేశమంతటా 938 ఏటీఎంల నుంచి నగదుగా బయటికొచ్చింది. రెండు నెలల దర్యాప్తు తర్వాత అప్పటి నగర పోలీసు కమిషనర్ సి.వి.ఆనంద్ విలేకరులకు చెప్పిన వివరాల్లో సినిమా హ్యాకర్ల మాయాజాలం ఏమీ లేదు. అంతకు ముందు నవంబరులో బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా దొంగ ఈ-మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు వాటిని తెరిచారు. దాంతో దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాం ఒకటి, ఏ మీట నొక్కినా నమోదు చేసే ప్రోగ్రాం మరొకటి లోపల తిష్ఠ వేశాయి. ఆ తర్వాత రెండు నెలలపాటు దొంగలు చేసిన పని, ఉద్యోగులు ఏం టైపు చేస్తున్నారో చూస్తూ కూర్చోవడమే.

అందులో ఒక వివరం దగ్గర కాసేపు ఆగాలి. ఆ బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో 'సూపర్ యూజర్లు' పదిమంది. ఎవరి ఖాతానైనా తెరిచి, నిల్వను మార్చి, పరిమితులు పెంచగల అధికారం ఉన్న లాగిన్లు అవి. అలాంటివి పది ఉండటమే ఎక్కువ అనుకుంటే, వాటిలో కొన్నిటికి పాస్‌వర్డ్‌లు ఒకేలా ఉన్నాయని పోలీసులు చెప్పారు. ప్రధాన కార్యాలయం, శాఖలు అన్నీ అడ్డుగోడ లేని ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. ఇనప్పెట్టెకు పది చెవులు చేయించి, అన్నీ ఒకే అచ్చులో పోసి, తలా ఒకటి పంచినట్టయింది.

మరి 'తప్పు పాస్‌వర్డ్ కొడితే లాక్' అన్న కాపలా ఏమైంది? ఏమీ కాలేదు, దానికి పనే పడలేదు. దొంగ తప్పు కొడితే కదా లాక్ పడేది! అతను మొదటిసారే సరైనది కొట్టాడు.

ఖాతా లాక్ అవడమనే కాపలాకు ఎంత బలముందో, ఎక్కడ బలం లేదో తెలియాలంటే ఏటీఎం దగ్గర మొదలుపెట్టాలి. నాలుగంకెల పిన్ అంటే 0000 నుంచి 9999 వరకు మొత్తం పదివేలు. మనిషి తీరుబడిగా కూర్చుంటే రెండు మూడు రోజుల్లో అన్నీ కొట్టి చూడగలడు. అయినా ఆ నాలుగంకెల మీదే ప్రపంచం అర్ధశతాబ్దం పైగా డబ్బు దాచుకుంటోంది. కారణం, మూడుసార్లు తప్పితే కార్డు ఆ రోజుకు పనిచేయదు. పదివేలలో మూడు అవకాశాలంటే దొంగకు దాదాపు లేనట్టే. ఇక్కడ భద్రతంతా ఆ మూడులోనే ఉంది తప్ప నాలుగంకెల్లో లేదు.

అయితే ఈ లెక్క జనం పిన్‌ను కళ్లు మూసుకుని ఎంచుకుంటేనే నిలుస్తుంది. 2012లో డేటా జెనెటిక్స్ అనే సంస్థ, బయటికి పొక్కిన 34 లక్షల నాలుగంకెల సంఖ్యలను వడపోసి చూసింది. దాదాపు 11 శాతం మంది ఎంచుకున్నది 1234. అంటే తొమ్మిది, పది కార్డులు దొరికిన దొంగ ఒక్కోదానిపై ఒక్కసారి 1234 కొడితే, ఏ లాకూ పడకుండానే ఒకటి తెరుచుకోవచ్చు. ఈ చిట్కా ఆఫీసు కంప్యూటర్ల మీద ఎలా పనిచేస్తుందో కాసేపట్లో చూద్దాం.

పాస్‌వర్డ్ పుట్టిన ఇంట్లోనే దొంగతనమూ పుట్టింది. 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే కంప్యూటర్‌ను చాలామంది పంచుకునే ఏర్పాటు చేసింది. ఎవరి ఫైళ్లు వారికి ఉండాలని తలా ఒక రహస్య పదం ఇచ్చింది. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటల సమయమే కేటాయించారు. అతని పనికి అది చాలలేదు. 1962లో అతను పాస్‌వర్డ్‌లున్న ఫైలును ముద్రించమని కంప్యూటర్‌కే వినతి పెట్టాడు. అది వినయంగా ముద్రించి ఇచ్చింది. మిగతావాళ్ల పేరుతో లాగిన్ అయి అతను తన పని తాను చేసుకున్నాడు. 'టైము చాలక ఇంకొకరి లాగిన్ వాడుకున్నా' అన్న సంజాయిషీ వయసు అరవై ఏళ్లు దాటిందన్నమాట.

కంప్యూటర్‌లో లాక్ నియమానికి మూడు అంకెలు ఉంటాయి. ఎన్ని తప్పులకు లాక్ పడాలి, ఎంతసేపు పడాలి, తప్పుల లెక్క ఎప్పుడు సున్నాకు రావాలి. మైక్రోసాఫ్ట్ ఇప్పుడు సూచిస్తున్నది పది తప్పులు, పది నిమిషాలు, పది నిమిషాలు. దీని బలం లెక్కేస్తే ఆశ్చర్యమేస్తుంది. పది నిమిషాలకు పది ప్రయత్నాలంటే రోజుకు 1,440. అచ్చంగా ఇంగ్లిష్ చిన్నక్షరాలతో, ఎలాంటి అర్థమూ లేని ఎనిమిదక్షరాల పాస్‌వర్డ్‌లు 20,882 కోట్ల పైచిలుకు ఉంటాయి. రోజుకు 1,440 చొప్పున అన్నీ కొట్టి చూడటానికి దాదాపు నాలుగు లక్షల ఏళ్లు పడుతుంది. అదే పాస్‌వర్డ్ 'పామర్రు ఎట్ 123' తరహాలో ఉంటే? ఊరి పేరు, ఆఫీసు పేరు, దేవుడి పేరు, పిల్లల పేర్లు, పక్కన 123, 1234, పుట్టిన సంవత్సరం. ఇవన్నీ కలిపినా 1,440 కావు. దొంగకు ఒక్కరోజు చాలు.

ఇంకో విచిత్రం ఉంది. విండోస్ కంప్యూటర్లలో 'అడ్మినిస్ట్రేటర్' పేరుతో మొదటి నుంచీ ఉండే ఖాతాకు దశాబ్దాలపాటు ఈ లాక్ వర్తించలేదు. అందరూ లాకైపోతే తలుపు తీయడానికి ఒకరైనా ఉండాలన్నది దాని వెనకున్న ఆలోచన. అంటే గుమాస్తా పది తప్పులు చేస్తే బయటే, సర్వాధికారి ఖాతా మీద దొంగ పదివేలసార్లు గురిపెట్టినా అడిగేవాడు లేడు. ఎవరికి ఎక్కువ కాపలా కావాలో వారికే కాపలా లేదు. 2022 అక్టోబరు అప్‌డేట్‌లో గానీ మైక్రోసాఫ్ట్ దానికీ లాక్ వేసే వీలు కల్పించలేదు. మన జిల్లాల ఆఫీసుల్లో పాత విండోస్‌తో, అప్‌డేట్ల ముఖం చూడకుండా నడుస్తున్న కంప్యూటర్ల సంగతి పాఠకుల ఊహకే వదిలేద్దాం.

ఇప్పుడు 1234 చిట్కాకు వద్దాం. ఒకే ఖాతా మీద పదిసార్లు కొడితే లాక్ పడుతుందని దొంగకూ తెలుసు. అందుకని అతను తిరగేసి ఆడతాడు. ఒకే పాస్‌వర్డ్ తీసుకుని వేల ఖాతాల మీద ఒక్కొక్కసారే కొడతాడు. ఏ ఖాతాలోనూ రెండో తప్పు నమోదు కాదు, ఏ గంటా మోగదు. చేలో మందు చల్లినట్టు చల్లుకుంటూ పోవడమే. ఇంగ్లిష్‌లో దీనికున్న పేరు కూడా 'పాస్‌వర్డ్ స్ప్రే'యే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు 15,004. ఎక్కడైనా సరే, ఇన్ని వేల లాగిన్లను ఒక వరసలో తయారుచేసి, అందరికీ ఒకే తొలి పాస్‌వర్డ్ ఇచ్చి, 'తర్వాత మార్చుకోండి' అని వదిలేస్తే ఏమవుతుంది? వందలో ఇద్దరు మార్చుకోకపోయినా మూడు వందల తలుపులు తెరిచి ఉన్నట్టే.

ఇది పల్లెటూరి ఆఫీసులకే వచ్చే తెగులని ఎవరైనా అనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల నడుపుతున్న మైక్రోసాఫ్ట్‌కే 2023 నవంబరులో ఇది తగిలింది. రష్యా ప్రభుత్వంతో సంబంధమున్న ముఠా ఒకటి, ఎప్పుడో పరీక్షల కోసం సృష్టించి మరిచిపోయిన ఖాతాను ఇలా చల్లుకుంటూ పోయి పట్టుకుంది. దానికి రెండో కాపలా, అంటే ఫోన్‌కు వచ్చే ధ్రువీకరణ లాంటిది లేదు. అక్కడ నుంచి మెట్టు మెట్టుగా ఎక్కి కంపెనీ పెద్దల ఈ-మెయిళ్ల దాకా వెళ్లింది. లాక్ నియమాలు రాసి ప్రపంచానికి పంచిన ఇంట్లోనే ఒక పాత గది తలుపు గొళ్లెం లేకుండా ఉండిపోయింది.

అలాగని పదికి బదులు మూడు పెడితే సరిపోతుందా? కఠినంగా ఉంటే భద్రత ఎక్కువన్నది మన ఆఫీసర్లకు బాగా నచ్చే ఆలోచన. కానీ మూడు తప్పులకే లాక్ పడే చోట, ఎక్కువగా చిక్కుకునేది దొంగ కాదు, క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉన్నట్టు చూసుకోని గుమాస్తా. పైగా లాకును ఆయుధంగా కూడా తిప్పవచ్చు. ఎవరి యూజర్ ఐడీ ఏమిటో తెలిస్తే చాలు, కావాలని మూడుసార్లు తప్పు కొట్టి అతన్ని బయట నిలబెట్టేయవచ్చు. ధాన్యం కొనుగోళ్ల రోజుల్లో, కళ్లంలో వడ్లు రాశి పోసి, పైన మబ్బు పట్టి ఉన్నప్పుడు ఎంట్రీ చేయాల్సిన ఖాతా లాకైపోతే ఆ నష్టం హ్యాకింగ్‌కు తీసిపోదు. 2008 చివర్లో మొదలైన కాన్‌ఫికర్ అనే వైరస్ పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రయత్నంలో ప్రపంచమంతటా ఆఫీసు ఖాతాలను ఇలాగే మూకుమ్మడిగా లాక్ చేయించింది. అందుకే కార్డు చెల్లింపుల సంస్థల భద్రతా ప్రమాణం ఆరు తప్పుల పరిమితిని 2022లో పదికి సడలించింది, అదే చేత్తో పాస్‌వర్డ్ కనీస పొడవును ఏడు నుంచి పన్నెండు అక్షరాలకు పెంచింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అయితే వరసగా వంద తప్పుల వరకూ ఓర్చుకోవచ్చంది. అయితే పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి, తప్పు చేసేకొద్దీ తర్వాతి ప్రయత్నానికి ఆగాల్సిన సమయాన్ని పెంచుతూ పోవచ్చు.

కృష్ణా డెల్టా వాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. 'లాకు' అన్న మాట ఇక్కడ కంప్యూటర్ కంటే ముందే ఉంది. కాలువల్లో పడవలు నడిచిన కాలంలో, నీటిమట్టం మారేచోట కట్టినవి లాకులు. లాకు పని పడవను ఆపేయడం కాదు, అదుపుగా దాటించడం. ఒక తలుపు మూశాకే రెండో తలుపు తెరిచేవారు. నీరు కొద్దికొద్దిగా చేరి మట్టం సమానమయ్యేదాకా సరంగు ఎంత తొందరపడినా లస్కరు కదిలేవాడు కాదు. మంచి లాగిన్ వ్యవస్థ కూడా అంతే. రెండు తలుపులు, మధ్యలో కాస్త నిదానం.

ఇక పాస్‌వర్డ్ మార్పుల గొడవ. 2003లో నిస్ట్ ఉద్యోగి బిల్ బర్ రాసిన పత్రం ప్రపంచమంతటి ఆఫీసులకు శాసనమైంది. పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు ఉండాలి, తరచూ మార్చాలి. పద్నాలుగేళ్ల తర్వాత, 2017లో, పదవీ విరమణ చేసిన ఆయనే వాల్ స్ట్రీట్ జర్నల్‌తో మాట్లాడుతూ తాను చేసినదానిలో చాలా భాగానికి పశ్చాత్తాపపడుతున్నానన్నాడు. జనం మార్చమంటే మారుస్తున్నారు, కానీ చివరి అంకె ఒక్కటే. 123 పోయి 124, తర్వాత 125. అదే ఏడు నిస్ట్ తన నియమాన్ని తిరగరాసింది. పొక్కినట్టు ఆనవాలుంటేనే మార్చమనండి, ఊరికే గడువులు పెట్టొద్దు, ఇప్పటికే బయటపడ్డ పాస్‌వర్డ్‌ల జాబితాతో పోల్చి వాటిని ఒప్పుకోకండి అంది. 2025 నాటి కొత్త సంచికలో, పాస్‌వర్డ్ ఒక్కటే కాపలాగా ఉన్నచోట కనీసం పదిహేను అక్షరాలు ఉండాలంటోంది.

మన దేశంలో గాలి ఇంకా పాత దిక్కే. కేంద్రం 2022 జూన్‌లో ప్రభుత్వ ఉద్యోగులకు ఇచ్చిన సైబర్ భద్రతా సూచనల్లో కనీసం ఎనిమిది అక్షరాలు, 45 రోజులకోసారి మార్పు ఉన్నాయి. పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాసి బల్ల మీద అంటించవద్దన్న సూచనా అందులోనే ఉంది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఐదారు పోర్టళ్లు, ఒక్కోదానికి ఒక్కో గడువు, ఒక్కో షరతు. ఏడాదికి ఎనిమిదిసార్లు ఆరు పాస్‌వర్డ్‌లు మార్చాల్సిన మనిషి చీటీ రాయక ఏం చేస్తాడు? మొదటి సూచనే రెండో తప్పు చేయిస్తోంది. నాలుగు సంబంధం లేని తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాసుకుని, ఏడాదిపాటు మార్చకుండా ఉంచుకున్న ఉద్యోగి, 45 రోజులకోసారి అంకె పెంచుకుంటూ పోయే ఉద్యోగి కంటే ఎంతో భద్రంగా ఉన్నాడు. నియమం ప్రకారం మాత్రం తప్పు చేసినవాడు మొదటివాడే.

చీటీ కథలకు మన దగ్గర పరాకాష్ట 2023 మార్చిలో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ది. ప్రశ్నపత్రాలు ఉండే కాన్ఫిడెన్షియల్ విభాగం కంప్యూటర్‌లోకి లోపలివాళ్లే చొరబడ్డారని పోలీసులు తేల్చారు. అక్కడి అధికారి డైరీలోంచి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ చూసి రాసుకున్నారన్న కథనం అప్పట్లో పత్రికల్లో పతాక శీర్షికైంది. తాను డైరీలో అసలు రాయనే లేదని ఆ అధికారి చెప్పినట్టూ వార్తలొచ్చాయి. డైరీ ఉన్నా లేకపోయినా, నిందితుల్లో ఒకరు ఆ సంస్థ కంప్యూటర్ నెట్‌వర్క్ చూసే మనిషే. 2022 అక్టోబరు 16న లక్షల మంది రాసిన గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్ష 2023 మార్చి 17న రద్దయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. లాక్ నియమం అసలే పట్టలేదు.

లాక్ పడ్డాక విప్పేదెవరు అన్నది ఇంకో బలహీనత. "సార్, లాకైపోయిందండీ, కొంచెం రీసెట్ చేయరా" అని ఫోన్ వస్తుంది. అవతలి గొంతు ఎవరిదో నిర్ధారించుకోకుండా కొత్త పాస్‌వర్డ్ చెబితే ఇన్ని తాళాలూ దండగే. అమెరికాలో శుభ్రతా సామగ్రి తయారుచేసే క్లోరాక్స్ కంపెనీ 2023 ఆగస్టులో సైబర్ దాడికి గురైంది. ఆగంతకుడు ఫోన్ చేసి అడిగితే ఎలాంటి తనిఖీ లేకుండా పాస్‌వర్డ్‌లు ఇచ్చేశారని, తమ హెల్ప్‌డెస్క్ చూసిన కాగ్నిజెంట్ మీద 2025 జులైలో దావా వేసింది. నష్టం 38 కోట్ల డాలర్లని దాని వాదన. కాగ్నిజెంట్ ఈ ఆరోపణను తోసిపుచ్చింది. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో రాత్రి షిఫ్టుల్లో ఇలాంటి హెల్ప్‌డెస్క్‌ల ముందు కూర్చునే తెలుగు పిల్లలు తక్కువేం లేరు. మర్యాదగా, త్వరగా పని చేసిపెట్టమని వాళ్లకు శిక్షణ ఇస్తారు. దొంగ వాడుకునేది సరిగ్గా ఆ మర్యాదనే.

మళ్లీ మన మండల కేంద్రానికి వద్దాం. లాగిన్ పంచుకునే ఉద్యోగిని బద్ధకస్తుడని తేల్చేయడం తేలిక, కానీ అన్యాయం. సర్వరు మధ్యాహ్నం మొరాయించి రాత్రి తొమ్మిదికి కోలుకుంటుంది. గడువు మాత్రం ఆ రోజే. ఒక సీటుకు ఒకే లాగిన్, ఆ సీటులో మనిషి డెప్యుటేషన్ మీద ఇంకో మండలంలో ఉంటాడు. కొత్తగా వచ్చినవారి పేరు పోర్టల్‌లో ఎక్కడానికి వారాలు పడుతుంది. ఈలోగా కిటికీ బయట జనం. అందుకే పాస్‌వర్డ్ చేతులు మారుతుంది. డిజిటల్ సంతకం ఉన్న డాంగిల్‌దీ అదే దారి. అధికారి జేబులో ఉండాల్సింది ఆపరేటర్ కంప్యూటర్‌కు గుచ్చి ఉంటుంది. రేపు ఏదైనా తేడా వస్తే రికార్డులో కనిపించేది ఆ లాగిన్ పేరొక్కటే. అటెండరు కొట్టినా, బయటి కుర్రాడు కొట్టినా, సంతకం అధికారిదే. వేరొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. కానీ వాడిందెవరో నిరూపించాలి కదా, నలుగురికీ తెలిసిన పాస్‌వర్డ్ అయితే?

మందు లేని జబ్బేం కాదిది. మనిషికో లాగిన్, పనికి తగ్గ అధికారం. సెలవు పెట్టగానే ఇన్‌చార్జి పేరున తాత్కాలికంగా హక్కులు మారే ఏర్పాటు. బదిలీ అయిన రోజే పాత లాగిన్ రద్దు. అడ్మిన్ లాగిన్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, వాటికి తప్పనిసరిగా రెండో కాపలా. పెద్ద మార్పు ఏదైనా ఒకరు చేస్తే మరొకరు ఆమోదించాలి, ఇనప్పెట్టె రెండు చెవుల్లాగే. లాక్ అంకెలు పది, పది, పది ఉంటే చాలు. వీటిలో ఖరీదైనది ఒక్కటీ లేదు. మహేశ్ బ్యాంకుకు సైబర్ భద్రతా నిబంధనలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు వేసిన జరిమానా 65 లక్షలు. దానిలో పిసరంతతో ఇవన్నీ జరిగేవి.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, డెల్టా ఊళ్లలో పెద్దలు కట్టుకున్న సహకార సొసైటీలు కూడా తెర మీదికి ఎక్కుతున్నాయి. దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తెచ్చే పథకాన్ని కేంద్రం 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయలతో ఆమోదించింది. పంట రుణం, బంగారం తాకట్టు, డిపాజిట్లు, ఎరువుల అమ్మకం, అన్నీ అందులోకే వస్తాయి. పాత లెడ్జర్‌లో అంకె దిద్దితే సిరా తేడా కనిపించేది. కొత్తదానిలో కనిపించేది లాగిన్ పేరే.

సొసైటీలో సభ్యత్వం ఉన్న పాఠకులకు ఒక మనవి. ఈసారి మహాజన సభలో యూరియా ఎన్ని బస్తాలొచ్చింది, డివిడెండ్ ఎంత అన్న ప్రశ్నలతోపాటు ఇంకో రెండు అడగండి: మన సంఘంలో అడ్మిన్ లాగిన్లు ఎన్ని, అవి ఎవరెవరి పేరున ఉన్నాయి? జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించండి.